కోళ్ళకు రాత్రి విడిది



ప్రొద్దు క్రుంకు వేళ మీ పెరటిలో ఒక్క గడియసేపు నిలిచి కోళ్ళను చూడుడు. పగలంతయు పెంటకుప్పలు చెరిగి, గింజలేరి, పురుగులను పట్టి తిన్న పక్షులు వెలుతురు తగ్గుటతోడనే తలలెత్తి పైకి చూడ మొదలిడును. ఒకటి బండినొగ పైకెక్కును. ఒకటి గడ్డివామి మీదికి ఎగురును. వేఱొకటి పాక దూలమువంక మెడ సాచి, దూరము కొలుచుకొనుచున్నదో యన్నట్లు రెండు మూడు మారులు తలయాడించి, రెక్కలు టపటప కొట్టుకొని పైకి లేచును. అంతలో ఇల్లాలు వచ్చి వానిని క్రిందికి తోలి, గంప క్రిందనో గూటిలోనో మూసి, పైన రాయి పెట్టును.

కోడి పైకి పోవలెననును. మనము క్రిందికి నెట్టుదుము. ప్రతి సాయంకాలమును మన ఇండ్లలో జరుగు ఈ పెనగులాటలో న్యాయము కోడి పక్షముననే యున్నదని మీకు మనవి చేయుటకే నేనీ పూట మాటలాడుచున్నాను. దానికి కావలసినది ఒక కఱ్ఱ. నేలకు రెండు మూడడుగుల ఎత్తున, గట్టిగా, కదలక నిలిచిన ఒక అడ్డుకఱ్ఱ. దానినే ఈ ప్రసంగములో దండెము అందును.

ఈ ఎత్తుకోరిక కోడికి ఎక్కడనుండి వచ్చినది? మన ఇంటి కోళ్ళకు మూలము ఎఱ్ఱ అడవికోడి. తూర్పు కనుమల ఉత్తర భాగమున అది నేటికిని కూయుచున్నది. దక్షిణపు అడవులలో నుండునది బూడిదవన్నె అడవికోడి. మన కోళ్ళ కాళ్ళలోని పసుపువన్నె ఈ రెండవ జాతి నుండి సంక్రమించినదని 2008లో జన్యుశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఈ రెండు జాతులును పగలు నేలపై మేసి, రాత్రి చెట్టుకొమ్మ నెక్కి నిద్రించును. చీకటిలో కోడికి చూపు ఆనదు. నేలపై నిద్రించిన అడవికోడి నక్కకో పిల్లికో ఆహారమై పోవును. కావున వెలుతురుండగనే పైకెక్కుట దాని ప్రాణరక్షణము. వేల ఏండ్లు మనుష్యుని చెంత పెరిగినను ఆ బుద్ధి కోడిని విడువలేదు.

ఈ మాట పరీక్షకును నిలిచినది. స్వీడన్ దేశపు పరిశోధకులు 2002లో ప్రకటించిన పరీక్షలో, రాత్రివేళ పెట్టలకును దండెమునకును నడుమ బరువైన తలుపు నమర్చిరి. పెట్టలు ఆ తలుపును నెట్టుకొని పోయి దండెమును చేరినవి. ఐరోపా సమాఖ్య వారు గ్రుడ్ల కోళ్ళ సంరక్షణకై 1999లో చేసిన శాసనములో, పెట్ట ఒక్కింటికి 15 సెంటీమీటర్ల దండెమైనను ఉండవలెననియు, దాని అంచులు పదునుగా నుండరాదనియు విధించిరి.

కోడికాలి నిర్మాణము కూడ ఇందుకు సాక్ష్యము పలుకును. కోసిన కోడికాలి నరమును పిల్లలు లాగి, వ్రేళ్ళు ముడుచుకొనుట చూచి నవ్వుదురు కదా! బ్రతికిన కోడి కాలు మడచి కూర్చుండునప్పుడును అట్లే నరము బిగిసి వ్రేళ్ళు వంగును. కొమ్మను పట్టుకొని యుండుటకు తగిన కాలది.

ఇట్టి పక్షిని మనము నేలపై మూసి యుంచుదుము. అందువలన కలుగు కీడేమో చూతము. కోడి వేయు రెట్టలో చాల భాగము రాత్రి కూర్చున్నచోటనే పడును. గంప క్రింద నున్న పక్షి ఆ రెట్టలోనే రొమ్ము ఆనించి తెల్లవార్లును కూర్చుండవలెను. తడిసిన రెట్టనుండి ఘాటైన ఆవిరి పుట్టును. ఆ ఘాటు తెలియవలెనన్న ఉదయము గూటి తలుపు తీసినంతనే వంగి, మీ ముక్కును కోడి తలయున్న ఎత్తున పెట్టుడు. మీ కన్నులు మండినచో, కోడి రాత్రియంతయు పీల్చిన గాలి అదియే. దానివలన దాని కన్నులును ఊపిరితిత్తులును చెడును. తేమగల రెట్టలోనే కోడిపిల్లలకు రక్తవిరేచనములు కలిగించు సూక్ష్మజీవులు పక్వమై వ్యాపించును. ఇక వేసవి మాట చెప్పనక్కఱ లేదు. కోడికి చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటయు, రెక్కలు కొంచెముగా ఎడముచేసి గాలి తగులనిచ్చుటయు దానికి తెలిసిన ఉపాయములు. గంపలో పదింటిని కుక్కినప్పుడు ఆ రెండవ ఉపాయమునకు చోటెక్కడిది?

నా చిన్ననాటి ముచ్చట యొకటి చెప్పెదను. మా నాయనమ్మ ఇంటి వీధి అరుగు క్రింద మట్టితో కట్టిన కోళ్ళగూడు ఉండెడిది. అది మా తాతగారు కట్టించినది. లోపల చీకటి, ముందు ఒక బండరాయి తలుపు. ఏటేట వేసవి వచ్చుసరికి మా కోళ్ళ జుట్టు తెల్లబడి, కాళ్ళు పడిపోయి, ఒకటి తరువాత నొకటిగా చచ్చెడివి. దిష్టి తగిలినదని ఉప్పు త్రిప్పిరి. అమ్మవారికి మ్రొక్కిరి. గూటిని రెండు నెలలు ఖాళీగా ఉంచి, సంతలో క్రొత్త కోళ్ళను కొని తెచ్చిరి. అవియు చచ్చినవి. నాలుగేండ్లు ఇట్లు గడచిన పిమ్మట, అరుగు బాగుచేయుటకు వచ్చిన కూలివాడు గూటి గోడను పలుగుతో పెళ్ళగించెను. మట్టి పగుళ్ళలోనుండి చిన్న ఆముదపు గింజలవంటి పురుగులు దోసెడేసి రాలినవి. ఒకదానిని పుల్లతో నొక్కగా నల్లని నెత్తురు చిమ్మినది. మా నాయనమ్మ చాలసేపు మాటలాడలేదు. "నేనే వీటిని తెచ్చి దయ్యాల నోట్లో పెట్టి తలుపేసితిని గదరా" అని మాత్రమనెను.

అవి కోడి పిడుదులు. కొన్ని సీమలలో గోమార్లందురు. వీని నడవడిక ఎఱుగనివాడు వీనిని గెలువలేడు. పగలు ఇవి గోడ పగుళ్ళలోను, కొయ్య బీటలలోను, బెరడు క్రిందను దాగియుండును. రాత్రి కోళ్ళు నిద్రించినపుడు బయటికి వచ్చి, కొంతసేపు నెత్తురు త్రాగి, తెల్లవారక మునుపే తమ చోటికి మరలును. కావున పగటివేళ కోడిని ఎంత వెదకినను పెద్ద పిడుదు కంటబడదు. నెత్తురు పోవుటయే గాక, దాని కాటువలన ఒక విధమైన విషజ్వరము కూడ కోడికి సోకును. ఆహారము లేకున్నను పెద్ద పిడుదు రెండేండ్లకు పైగా బ్రతుకగలదు. మా వారు రెండు నెలలు గూటిని ఖాళీగా నుంచుట ఎంత వ్యర్థమో మీరే యోచింపుడు. ఎఱ్ఱని నల్లి యొకటి కలదు, ఆవగింజకంటెను చిన్నది. దాని నడవడికయు ఇట్టిదే.

ఇక దండెము ఎట్లు అమర్చవలెనో చెప్పెదను.

మొదట కఱ్ఱ. అది రెండంగుళముల వెడల్పు గలదై యుండవలెను. సన్నని బద్దయైనచో కోడి బరువంతయు రొమ్ము ఎముకపై ఒక గీటున పడి, ఆ ఎముక వంకరపోవును. పలుచని అంచుగల పలకయు పనికిరాదు. నలుచదరపు కఱ్ఱయైనచో పై అంచులను బాడిసెతో చెక్కి గుండ్రపఱుపుడు. సరుగుడు వాసము మేలైనది, వేపకొమ్మయు మంచిదే. ఏ కఱ్ఱయైనను బెరడు పూర్తిగా ఒలువవలెను. లేనిచో ఆ బెరడే పిడుదులకు ఇల్లగును. వెదురు వాడుదమన్న, నున్ననిది జాఱును. అందుచే పైభాగమును కొంచెము గీచి గరుకు చేయుడు. దాని బోలు కొనలను మట్టితో పూడ్చి మూయుడు. ఇనుప గొట్టము వలదు. అది జాఱును, చలికాలపు రాత్రులందు చల్లబడి పాదములను బాధించును.

రెండవది కొలత. కోడి యొక్కింటికి జానెడు చోటు చాలును. పది కోళ్ళకు పది జానలు, అనగా ఏడున్నర అడుగులు. నాలుగేసి అడుగుల కఱ్ఱలు రెండు సరిపోవును. గోడకును మొదటి కఱ్ఱకును అడుగు ఎడమ, కఱ్ఱకును కఱ్ఱకును అడుగు ఎడమ, ముందర మఱియొక అడుగు విడిచినచో, నాలుగడుగుల పొడవును మూడడుగుల వెడల్పును గల మూల పది కోళ్ళకు విడిది యగును. మీ పశువులపాకలో అంత మూల దొరకదా?

గోడకు అడుగు ఎడమ విడువుమనుటకు రెండు కారణములు కలవు. తోక గోడకు రాచుకొనక ఈకలు చెడకుండుట యొకటి. తడిక సందులోనుండి బావురుపిల్లి చేయి పెట్టి కోడిని పట్టకుండుట రెండవది.

మూడవది ఎత్తు. నాటుకోడికి రెండున్నర అడుగులు మొదలు మూడడుగులవఱకు తగును. కఱ్ఱలన్నియు ఒకే ఎత్తున నుండవలెను. ఒకటి పైన, ఒకటి క్రింద నున్నచో అన్నియు పైదానికే పోరాడును. కోళ్ళలో ఎవ్వరిని ఎవ్వరు పొడువవచ్చునను వరుస కలదని నార్వే దేశస్థుడైన ష్యెల్డెరప్-ఎబ్బె అను శాస్త్రజ్ఞుడు 1922లో వివరించెను. మన ఇల్లాండ్రకు అది ఎప్పుడో తెలిసిన సంగతియే. దండెము మీద చోటుకై ఆ పోరు ప్రతి సాయంకాలము చూడవచ్చును. ఎత్తు సమానమును, చోటు సమృద్ధియు నున్నచో పోరు వెంటనే చల్లారును. ఎక్కలేని వానికొఱకు అడుగెత్తున ఒక మెట్టు కఱ్ఱ వేయుడు. గ్రుడ్లు పెట్టు తట్ట మాత్రము దండెముకంటె తక్కువ ఎత్తున నుండవలెను. లేనిచో కోళ్ళు తట్టలోనే నిద్రించి, గ్రుడ్లను మలినపఱచును.

నాలుగవది నిలుకడ. ఊగు కఱ్ఱను కోడి నమ్మదు. దూలమునుండి ఉట్టివలె త్రాళ్ళతో వ్రేలాడదీయుట తగదు. గోడలో దూర్చుటయు నాకు సమ్మతము కాదు. గోడలోని పిడుదు కఱ్ఱ వెంట నడచి వచ్చును. నాలుగు కాళ్ళ బల్లచట్టము వంటిదానిని చేసి, గోడకు తగులకుండ నడుమ నిలుపుడు. పాల బీరువా కాళ్ళ క్రింద నీటి పళ్ళెములు పెట్టి చీమలను ఆపుట మన ఇండ్లలో వాడుకయే కదా! అదే యుపాయమును ఇక్కడను చేయుడు. నాలుగు కాళ్ళ క్రింద నాలుగు పాత డబ్బాలుంచి, వానిలో వాడి పారవేసిన యంత్రపు నూనె పోయుడు. ప్రాకి వచ్చు పిడుదు అక్కడనే ఆగును. అయితే కోళ్ళ ఒంటిపై నంటియున్న పిడుదుపిల్లలు కొన్ని దినములకు గాని రాలవు. కావున మొదటి నెలలో వారమునకొకసారి కఱ్ఱలను ఎండలోనికి తీసి, బీటలలో మరుగుచున్న నీళ్ళు పోయుడు. గోడ పగుళ్ళను మట్టితో మెత్తి సున్నము కొట్టుడు. కఱ్ఱలను చట్టమునకు మేకులతో బిగింపక, గాడిలో కూర్చుండబెట్టినచో తీయుట సులభము. రాత్రి దీపము తీసికొని పోయి కఱ్ఱ అడుగుభాగమును చూచుట మఱవకుడు. శత్రువు కనబడునది అప్పుడే.

ఐదవది క్రింది నేల. దండెము క్రింద బూడిదగాని, పొడి ఇసుకగాని, ఊకగాని రెండంగుళముల మందమున పఱువుడు. ఉదయమున రెట్టను పారతో ఎత్తి ఎరువుగుంటలో వేయుడు. కోడిరెట్ట పశువుల పేడకంటె నత్రజని ఎక్కువ గల ఎరువు. పచ్చిది మొక్కల మొదట వేసినచో వేళ్ళు మాడును. మాగిన పిదప కూరపాదులకు అమృతమే. గంప క్రింద త్రొక్కబడి పోయెడి సొత్తు ఇట్లు చేతికి వచ్చును.

దండెమున్న చోటికి తలుపును, గాలియాడు సన్నని వలయును ఉండవలెను. దండెమున్నది కదా యని పాకను తెఱచి విడిచినచో ముంగిసకును, పిల్లికిని, పందికొక్కునకును భోజనము వడ్డించినట్లే. చెట్టుమీద నిద్రించు కోడికి గాలి మంచిదే గాని, పిల్లికిని గుడ్లగూబకును తుపానునకును దిక్కెవ్వరు? కొమ్మయొక్క ఎత్తును గదియొక్క భద్రతను ఒక్కచోట కూర్చుటయే మన పని.

అన్ని పక్షులకును ఒకే కొలత తగదు. సంక్రాంతి పందెములకై మన కోస్తా జిల్లాలలో మేపు అసీలు పుంజులు బరువైనవి. ఎత్తునుండి గట్టినేలపై దుమికినచో వాని అరికాలు నలిగి, గాయములో చీము పట్టి, గడ్డ కట్టును. హైదరాబాదులోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా కోడియు నాటుకోడికంటె బరువైనది; ఎగురుటలో మందము. ఇట్టివానికి మూరెడు ఎత్తు చాలును. దిగుచోట ఊకగాని గడ్డిగాని మెత్తగా పఱువవలెను.

పిల్లలతోనున్న తల్లికోడిని దండెమెక్కింపరాదు. రెక్కల క్రింద పిల్లలను పెట్టుకొనుటకు దానికి నేలయే కావలెను. మన పాత గంపకు తగిన పని ఇది. శుభ్రమైన పొడిచోట గంప క్రింద తల్లిని, పిల్లలను ఉంచుడు. పిల్లలకు మూడు నాలుగు వారములు నిండగనే జానెడెత్తున అంగుళము మందముగల చిన్నకఱ్ఱ నొకదానిని అమర్చుడు. బాల్యమున ఎక్కుట నేర్చిన పిల్ల పెద్దయైన పిదప తట్టలోనే గ్రుడ్లు పెట్టుననియు, నేర్వనివి నేలపై పెట్టుట ఎక్కువయనియు 1999లో స్వీడన్ దేశమున జరిగిన మఱియొక పరిశోధన తెలిపినది.

గంపకు అలవడిన పెద్దకోళ్ళు మొదటి దినముననే దండెమెక్కవు. వానిని కొట్టవలదు. చీకటి పడిన తరువాత ఒక్కొక్కదానిని రెండు చేతులతో నెత్తి, కఱ్ఱపై కూర్చుండబెట్టుడు. చీకటిలో కోడి కదలదు. నాలుగైదు రాత్రులిట్లు చేసినచో ఆఱవనాడు మీరు పోవునప్పటికి చాలమట్టుకు అవియే ఎక్కి కూర్చుండును.

దండెముతో సర్వరోగములు పోవునని నేను చెప్పను. కొక్కెర తెగులును ఏ కఱ్ఱయు ఆపలేదు. 1927లో హిమాలయ ప్రాంతమున రాణిఖేత్‌లో గుర్తింపబడుటచే ఆ పేరనే ప్రసిద్ధికెక్కిన ఆ తెగులునకు టీకాయే దిక్కు. పశువైద్యుడు చెప్పిన కాలమున తప్పక వేయింపుడు. అయితే ఇక్కడను దండెము సాయపడును. పగలు పది కోళ్ళను పట్టుటకు ఊరంతయు పరుగెత్తవలెను. రాత్రి దండెము మీద నున్నవానిని కాయలు కోసినట్లు ఒక్కొక్కటిగా ఎత్తి టీకా వేయింపవచ్చును. ప్రతి రాత్రియు ఒకసారి లెక్క చూచుకొనవచ్చును. ఏది ముడుచుకొని కూర్చున్నదో, ఏది కఱ్ఱ నెక్కలేక క్రిందనే యున్నదో చూచి, తెగులును మొదటినాడే కనిపెట్టవచ్చును.

పెద్దలారా, ఈ ప్రసంగమును ఇల్లాండ్రకు గాక మీకేల చెప్పితినో మనవి చేసి ముగించెదను. కోళ్ళను పెంచుట ఆడువారి పని. గ్రుడ్లమ్మిన డబ్బు వారి కొంగుముడిలోనిది. పిల్లవాని పుస్తకమునకును, జ్వరము వచ్చిననాటి మందునకును, ఒకరి చేయి చాపకుండ వారు తీయు డబ్బు అదియే. కాని పశువులపాకలో ఏ మూల ఎవరిదో నిర్ణయించునది మీరు. వడ్రంగిని పిలుచునది మీరు. గూడు పాతదైనను మీ పెద్దలు కట్టినదని దానిని నిలుపునదియు మీరే. మా తాతగారు కట్టించిన గూటిని పడగొట్టుటకు మా ఇంట ఎవ్వరికిని నోరు రాలేదు. ఆ నాలుగేండ్లును కోళ్ళు చచ్చుచుండుటకు ఆ మొగమాటమే కారణము.

రెండు కఱ్ఱలు, నాలుగు డబ్బాలు, ఒకనాటి పని. రేపు ప్రొద్దు క్రుంకు వేళ మీ పెరటిలోని కోడి పైకి చూచినపుడు, మీరును దానితో కూడ ఒక్కసారి పైకి చూడుడు. దానికి చోటెక్కడ నున్నదో మీకే తోచును.